ఇల్లు చూచే పని

కుటుంబ ప్రార్థనలో లేవీయకాండము చదువుతూ పద్నాలుగవ అధ్యాయము దగ్గరకు వచ్చేసరికి మా ఇంట్లో అందరికీ తొందర పుట్టుకొస్తుంది. కుష్ఠు, పొడ, గీకిన మన్ను... పిల్లలు గబగబా చదివేసి ప్రార్థనకు తలలు వంచేస్తారు. నన్ను మాత్రం ఆ అధ్యాయపు చివరి భాగం ఆపేస్తుంది. గోడలో పచ్చనివో ఎర్రనివో చారలు కనబడి, అవి పల్లముగా లోపలికి దిగి ఉంటే, ఇంటి యజమాని యాజకునికి కబురు చేయాలి. యాజకుడు వచ్చి చూడాలి. ప్రియ పాఠకులారా, ఆ యాజకుడు చేసిన పనే నా జీవనాధారం. ఇళ్లు చూచి, ఎక్కడ ఏ లోపమున్నదో చెప్పడం.

ఆ అధ్యాయంలో రెండు సంగతులున్నాయి. యాజకుడు లోపలికి రాకముందే ఇంట్లో సామానంతా బయట పెట్టించాలి. రెండవది, ఒక్క చూపుతో ఆయన తీర్పు చెప్పడు. ఇల్లు ఏడు రోజులు మూయించి, తిరిగి వచ్చి మళ్లీ చూస్తాడు. చిన్ననాటి నుండి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఈ రెండూ నా పనికి సంబంధించినవని యాభై ఏడేళ్లు వచ్చేదాకా నాకు తోచలేదు.

మా నాన్నగారు తాపీ మేస్త్రి. 1977 నవంబరు ఉప్పెన తరువాత దివిసీమలో ఇళ్లు కట్టడానికి వెళ్లి రెండేళ్లు అక్కడే ఉన్నారు. ఆయన గోనెసంచిలో తాపీ, మట్టపు గుండు, రసమట్టం, మూలమట్టం, నీళ్లు పోసి మట్టం చూచే సన్నగొట్టం ఉండేవి. "గుండు అబద్ధమాడదురా" అనేవారు. అయ్యగారు ఆమోసు ప్రవక్త చూచిన మట్టపు గుండు మీద ప్రసంగించిన ఆదివారం నాన్నగారు, ఎన్నడూ లేనిది, ముందు వరుసలో కూర్చున్నారు! ఆ సంచే నాకు ఆస్తిగా వచ్చింది. పదవ తరగతి తరువాత ఆయన వెంట పనికి వెళ్లాను. పిమ్మట ప్రభుత్వ ఇళ్ల పథకాలలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా కుదిరాను. బేస్‌మట్టం అయినప్పుడు ఒకసారి, లింటెల్ లేచినప్పుడు ఒకసారి, శ్లాబు పడ్డాక ఒకసారి కొలిచి సంతకం చేస్తే గాని బిల్లు వచ్చేది కాదు. అలా వేల గోడలు చూచిన నా కంటిమీద, కర్రతో తట్టినప్పుడు వచ్చే చప్పుడుమీద నాకు గట్టి నమ్మకం ఏర్పడింది.

2017లో మా సంఘములోని ఒక సహోదరి భర్తను పోగొట్టుకున్నది. ఆయన ఉద్యోగం తాలూకు వచ్చిన డబ్బుతో, ఇద్దరు మగపిల్లలతో తలదాచుకోవడానికి ఒక పాత శ్లాబు ఇల్లు బేరమాడింది. సముద్రానికి అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. ఇల్లు కట్టి ముప్పై ఏళ్లు దాటింది. "అన్నయ్యగారూ, మీరొక్కసారి చూసి బాగుందంటే అడ్వాన్సు ఇచ్చేస్తాను" అన్నది.

భోజనాల వేళకు వెళ్లాను. గోడలకు, శ్లాబుకు కొత్తగా సున్నం వేసి ఉంది. ముందు గదిలో, వంటగదిలో తట్టి చూశాను, ఖంగుమన్నది. వెనుక గదిలో సగం మేర ఒక బీరువా, దాని చుట్టూ ధాన్యం బస్తాలు శ్లాబు దాకా పేర్చి ఉన్నాయి. "జరిపించమంటారా?" అని ఇంటాయన మాటవరసకు అడిగాడు. "ఎందుకులెండి, శ్రమ" అన్నాను. బయటికి వచ్చి సహోదరితో, "ఇల్లు గట్టిదమ్మా, తీసుకో" అని చెప్పాను.

రెండు వానాకాలాలు గడిచాయి. 2019 అక్టోబరులో ఒక తెల్లవారుజామున ఫోను వచ్చింది. ఆ వెనుక గదిలో, బస్తాలు ఉండిన చోట పిల్లల మంచం వేసుకున్నారు. శ్లాబు నుండి భోజనం పళ్లెమంత పెచ్చు ఊడి చిన్నవాడి ఎడమచేతి మీద పడింది. మోచేతికి కింద ఎముక విరిగింది. జానెడు ఇటు పడి ఉంటే తల మీదే. నేను వెళ్లి పైకి చూశాను. చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి, పొరలు పొరలుగా లేచి ఉన్నాయి.

"మీరేం చేస్తారన్నయ్యగారూ, ప్రభువు వాడి ప్రాణం కాపాడాడు" అన్నది ఆ తల్లి. ఆమె తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ నెల ప్రభు సంస్కారపు ఆదివారం నేను బల్ల దగ్గరకు వెళ్లలేకపోయాను. అయ్యగారు గమనించి సాయంత్రం మా ఇంటికి వచ్చారు. నేను చెప్పినదంతా విని, ఓదార్పు మాటలేమీ చెప్పకుండా, "అటువంటిది ముందే తెలుసుకునే మార్గం ఉందా?" అని అడిగారు. "ఉన్నదండి, ఇంజనీర్ల దగ్గర ఏవో పరికరాలున్నాయి" అన్నాను. "మరి మీ దగ్గర ఎందుకు లేవు?" వయసైపోయింది, చదువు తక్కువ, ఖర్చు ఎక్కువ అని చెప్పబోయి ఆగిపోయాను. అవన్నీ నిజమే గాని, అసలు కారణం అవి కావు. నా కన్ను చాలుననుకున్నాను. ఇంజనీరు కుర్రవాళ్లు పెట్టెలు తెరిచి మీటలు నొక్కుతుంటే నవ్వుకున్నవాడిని నేను.

మా మేనల్లుడు ఒక పాలిటెక్నిక్ కాలేజీ లేబొరేటరీలో పని చేస్తాడు. వాడి దగ్గరకు వెళ్లి ఏమేమి కొనాలో రాసిమ్మన్నాను. "మామయ్యా, కొనడం తరువాత. ముందు ఆ ఇనుము ఎందుకు తుప్పు పట్టిందో తెలుసుకో" అన్నాడు. అలా యాభై ఏడేళ్ల వయసులో మళ్లీ బడిలో కూర్చున్నాను.

సిమెంటు కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. అది ఉన్నంతకాలం లోపలి చువ్వ భద్రంగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు కొంచెం కొంచెంగా లోపలికి దిగి ఆ గుణాన్ని చంపేస్తుంది. సముద్రపు ఉప్పు కూడా చువ్వ దాకా దిగితే తుప్పు మరీ త్వరగా పడుతుంది. తుప్పు పట్టిన ఇనుముకు మామూలు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు కావాలి. అది ఉబ్బి కాంక్రీటును కిందికి నెడుతుంది. 1978 నాటి ప్రమాణాల ప్రకారం శ్లాబులో చువ్వ కింద 15 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉంటే చాలు. 2000లో సవరించిన ఐ.ఎస్. 456 ప్రమాణం సముద్రతీరపు గాలివానలకు ఎదురుగా ఉండే కాంక్రీటుకు 45 మిల్లీమీటర్లు ఉండాలన్నది. మా కాలపు మేస్త్రీలం చువ్వ కింద ఒక గులకరాయి దోపి అదే చాలుననుకునేవాళ్లం. కొన్నిచోట్ల అదీ లేదు.

మొట్టమొదట నేను కొన్నది పెద్ద యంత్రమేమీ కాదు, ఒక చిన్న సీసా. ఫినాఫ్తలీన్ అనే మందును స్పిరిట్‌లో కలిపి ఉంటుంది. కాంక్రీటును కొంచెం చెక్కి, దుమ్ము ఊది, దానిమీద చల్లితే, బాగున్న చోట క్షణంలో ముదురు గులాబి రంగు వస్తుంది. క్షారం చచ్చిన చోట ఏ రంగూ రాదు. సహోదరి ఇంటికి వెళ్లి ఆ వెనుక గదిలో చల్లాను. చువ్వ వరకు ఎక్కడా రంగు రాలేదు. ముందు గదిలో చల్లాను. అక్కడా అంతే. నేను తట్టి ఖంగుమన్నదని మెచ్చుకున్న శ్లాబే అది.

తరువాత మేనల్లుడు కాలేజీ నుండి రీబౌండ్ హామరు తెచ్చాడు. లోపల స్ప్రింగు ఉన్న గొట్టంలాంటి సుత్తి. కాంక్రీటుకు ఆనించి నొక్కితే లోపలి గుండు కొట్టుకుని ఎంత వెనక్కి ఎగిరిందో అంకె చూపిస్తుంది. గట్టి కాంక్రీటయితే పెద్ద అంకె. అదే శ్లాబు మీద కొడితే మంచి అంకె వచ్చింది! నాకు ప్రాణం లేచి వచ్చింది. మేనల్లుడు తల అడ్డంగా ఊపాడు. గాలి సోకి క్షారం చచ్చిన కాంక్రీటు పైపొర మరింత గట్టిపడుతుందట. అందుచేత పాత ఇళ్లలో ఈ సుత్తి, మితిమీరినచోట్ల యాభై శాతం దాకా, ఉన్న బలంకంటే ఎక్కువ చూపుతుంది. 1992లో అచ్చయిన ఐ.ఎస్. 13311 రెండవ భాగంలోనే ఆ హెచ్చరిక ఉన్నది. నా కర్ర చేసిన మోసమే ఈ ఖరీదైన సుత్తి కూడా చేసేది, పక్కన ఆ సీసా లేకపోతే.

కొత్త సామానంటే అదివరకు నాకు వెటకారం. ఆ రోజుతో వెటకారం పోయింది, గుడ్డినమ్మకం కూడా రాలేదు.

ఇక డబ్బు సంగతి. మా ఇంటావిడ పాడుకున్న చీటీ డబ్బు నా పాత మోటారు సైకిలు మార్చడానికని దాచి ఉంచింది. "ఏమండీ, బండి ఇంకో రెండేళ్లు నడుస్తుంది. ముందు ఆ పిల్లల కప్పు బాగుచేయించండి, మిగిలినది మీ సామానుకు వాడుకోండి" అన్నది. శ్లాబుకు ఆనకర్రలు పెట్టి, వదులైనదంతా చెక్కి, చువ్వలను తీగబ్రష్షుతో తోమి, సన్నగిల్లిన చోట కొత్త చువ్వలు కలిపి, తుప్పు ఆపే పూత వేసి, మందు కలిపిన మోర్టారుతో పూడ్చాము. మేనల్లుడు దగ్గరుండి చెప్పాడు, నిచ్చెన మీద నేనే నిలబడ్డాను. కూలి వద్దని నేను, ఇస్తానని ఆమె. చివరకు భోజనం దగ్గర రాజీపడ్డాము.

మిగిలిన డబ్బుతో మంచి టార్చిలైటు, లేజర్ మట్టం, గోడలో చెమ్మ చూచే మీటరు కొన్నాను. దాని పుస్తకమంతా ఇంగ్లీషు. మా అమ్మాయి రాత్రిళ్లు చదివి చెబుతుంటే తెలుగులో నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక ఏడాది పాటు సంఘములోని వారి ఇళ్లే ఉచితంగా చూశాను. తోటి మేస్త్రీలు "అయ్యా డాక్టరుగారూ, గోడకు జ్వరమెంత?" అని వేళాకోళమాడేవారు. నవ్వడం తప్ప ఏం చేస్తాను? ఇప్పుడు వారిలో ఇద్దరు ఆ సీసా అరువు తీసుకువెళుతుంటారు.

మీటరు ఒకసారి నన్ను తప్పుదారి పట్టించబోయింది. దాని రెండు సూదులు గోడకు గుచ్చితే వాటి మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతున్నదో కొలిచి చెమ్మ ఎంతో చెబుతుంది. విదేశంలో ఉన్న ఒకాయన తన తండ్రిగారి ఇల్లు చూచి చెప్పమన్నాడు. పాత ఇటుక గోడకు సూదులు పెట్టగానే అంకె పైకి లేచింది. ఆ గోడ తీసేయాలని చెప్పబోయాను. అప్పుడు లేవీయకాండములోని ఏడు రోజులు జ్ఞాపకం వచ్చాయి. గోడమీద ఒక ప్లాస్టిక్ కాగితం నాలుగువైపులా టేపుతో అంటించి, వారం తరువాత వస్తానని చెప్పాను. తిరిగి వెళ్లి చూస్తే కాగితం లోపలివైపు పొడిగా ఉంది. గోడలో నీరు లేదు. చౌడు ఉన్నది! ఉప్పు కూడా కరెంటును పారనిస్తుంది గనుక మీటరు దాన్నే చెమ్మ అనుకున్నది. పెచ్చులూడిన పూత గీకి కొత్త పూత వేస్తే సరిపోయింది. ఆ పెద్దాయన తాను పెళ్లినాటి నుండి ఉంటున్న గోడ కూలగొట్టే బాధ తప్పింది. దారిఖర్చు రెండుసార్లు అయింది గాని, అప్పటినుండి అనుమానమున్న ఏ ఇంటికీ నేను ఒక్కసారే వెళ్లి ఊరుకోను.

వేడిని రంగుల్లో చూపే కెమెరా మాత్రం రెండేళ్లు ఆగి కొన్నాను. చాలామంది అది గోడ లోపలికి చూస్తుందనుకుంటారు. అది చూసేది గోడ పైన ఉండే వేడిమినే. తడిసిన చోట ఆరుతూ చల్లబడుతుంది గనుక అక్కడ రంగు మారుతుంది. అంతవరకే.

పని పెరిగింది. విజయవాడ వైపు నుండి, హైదరాబాదు నుండి కూడా పిలుస్తున్నారు. ఒక బిల్డరు వచ్చి, "మా ఫ్లాట్లన్నీ మీరే చూడండి, నెలకింత ఇస్తాను. రిపోర్టు మాత్రం కొనేవాళ్లకంటే ముందు నాకు చూపించండి" అన్నాడు. ఆ నెలవారీ మొత్తం మా ఇంటికి చాలా పెద్దది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదని ఒప్పుకుంటున్నాను. ద్వితీయోపదేశకాండములో సంచిలో రెండు రకాల తూకపురాళ్లు ఉంచుకోరాదని ఉన్నదే, అది దుకాణాల వాళ్లకని ఇన్నాళ్లూ అనుకున్నాను. మూడవ రోజు కుదరదని చెప్పాను.

నా రిపోర్టు తెలుగులో రెండు పేజీలే ఉంటుంది. మొదటి పేజీలో నేను చూసినవి. రెండవ పేజీలో నేను చూడలేకపోయినవి: తాళం వేసి ఉన్న గది, మేడమీద ఎక్కడానికి వీలులేని మూల, నా సాధనాలు చెప్పలేని సంగతులు. కొందరు ఆ రెండవ పేజీ చూసి, "దీనికి కూడా డబ్బులివ్వాలా?" అని అడుగుతారు. ఇవ్వాలని చెబుతాను.

చెయ్యి విరిగిన ఆ పిల్లవాడు పెద్దవాడై ఇప్పుడు సివిల్ డిప్లొమా చదువుతున్నాడు. సెలవుల్లో నా వెంట వస్తాడు. టార్చి, సీసా వాడి భుజానికి, మట్టపు గుండు ఉన్న నాన్నగారి సంచి నా భుజానికి. మొన్న ఒక ఇంటికి వెళ్లాము. ఇంటివారు మర్యాదస్థులు, కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చారు. వెనుక గది గుమ్మంలో నేను నిలబడి ఇంకా ఏమీ అనకముందే వాడు లోపలికి చూసి, ఇంటాయనతో, "అంకుల్, కొంచెం శ్రమే గాని, ముందు ఆ బీరువా జరపండి" అన్నాడు.

ముగ్గురమూ కలిసి జరిపాము.