కిల్టు కొందామనుకుంటే... త్రిపురాంతకంలో పంచె కట్టించారు!

మా ఆఫీసులో పెయింట్‌బాల్ టీమొకటి ఉంది. ఏడుగురం. మార్చిలో మ్యాచ్. అందరూ మిలిటరీ ప్యాంట్లేసుకుని దిగుతారు, మనం కిల్టుల్లో దిగుదాం అన్నాడు మా కెప్టెన్. కిల్టంటే తెలుసుగా? స్కాట్లాండ్ కొండసీమల్లో మగవాళ్లు నడుముకు చుట్టుకునే గళ్ల బట్ట. దాన్ని లంగా అంటే మాత్రం వాళ్లకి ఒళ్లు మండుతుందట.

కొనే పని నా నెత్తిన పడింది. వారం రోజులు ఫోన్లో అదే పని. అసలు సిసలు కిల్టుకి 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది. వెనకంతా కుచ్చిళ్లు, ముందు సాపుగా ఉంటుంది. మన ఎండల్లో అది కట్టుకుని పరిగెత్తితే ప్రత్యర్థి కాల్చక్కర్లేదు, మనమే పడిపోతాం. చవక రకాలున్నాయి, ఫొటోలో బాగుంటాయి. కుచ్చిళ్లు ఇస్త్రీతో నిలబెట్టినవే తప్ప కుట్టినవి కావు, రెండు ఉతుకులకి అన్నీ విచ్చుకుంటాయి. మూడో రకం యుటిలిటీ కిల్టు. మందపాటి కాటన్, పక్కల పెద్ద జేబులు, గట్టి బటన్లు. ఆటకి ఇదే కరెక్టనిపించి శాంపిల్‌గా ఒకటి తెప్పించా.

సరిగ్గా అప్పుడే పెదనాయన ఫోను. "మిరపకాయలు కల్లంలో ఉండాయి, ఒకసారి వచ్చిపోరా అబ్బయ్యా" అని. శుక్రవారం రాత్రి కెప్టెన్ని, ఇంకో ఫ్రెండ్‌ని వెంటేసుకుని, కిల్టు బ్యాగులో పెట్టుకుని బయల్దేరా.

బాణం ఒక్కటే, కోటలు మూడు

మాది త్రిపురాంతకం పక్కన పల్లె. గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం రోడ్ స్టేషన్లో దిగి బస్సెక్కొచ్చు. మార్కాపురం అంటే పలకలు. మన నాన్నల తరం అక్షరాలు దిద్దుకున్న పలకల్లో చాలావరకు అక్కడివే. ఊరు దాటాక అటూ ఇటూ మిరప, కంది, పత్తి చేలు. దూరంగా నీలంగా నల్లమల.

త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు. మిగతా మూడు ద్వారాలు సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి అమ్మవారు. పైన గుడిని శ్రీచక్రం ఆకారంలో కట్టారని చెబుతారు. శాసనాలు కూడా ఎక్కువే. కాకతీయుల మీద తిరగబడిన కాయస్థ అంబదేవుడు తన విజయాలన్నీ చెక్కించుకున్న 1290 నాటి శాసనం ఇక్కడిదే.

స్థలపురాణం చెప్పా మావాళ్లకి. ఆకాశంలో తిరిగే మూడు కోటలు, ముగ్గురు రాక్షసులు. మూడూ ఒక్క వరుసలోకి వచ్చిన క్షణంలో శివుడు ఒకే బాణంతో పడగొట్టాడని. కెప్టెన్ కాసేపాలోచించి, "మనం 200 బాల్స్ కాలిస్తే ఒకటి తగుల్తుంది మామా" అన్నాడు. ఆ నిజాయితీకి స్వామి నవ్వుకునే ఉంటాడు.

పొద్దున్నే ఎక్కండి, తొమ్మిది దాటితే రాయి కాలుతుంది. పైనుంచి చూస్తే చెరువు, మధ్యలో అమ్మవారి గుడి, ఎర్రగా ఆరబోసిన మిరప కల్లాలు కనపడతాయి. మంచి ఫొటో ఏదైనా ఉందంటే అదే.

పెదనాయన క్వాలిటీ చెక్

మధ్యాహ్నం తిన్నాక కిల్టు బయటికి తీశా. పెదనాయన నవ్వుతాడనుకున్నా. నవ్వలా. కళ్లజోడు పెట్టుకుని, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు. ముందు లోపలి వైపు తిప్పాడు. "గుడ్డ ఎవుడైనా గట్టిది నేస్తాడు. చినిగేది కుట్టు కాడ" అన్నాడు. జేబు మూలల్ని రెండు బొటనవేళ్లతో లాగాడు. తర్వాత తడి తువ్వాలు తెచ్చి గట్టిగా రుద్దాడు. తువ్వాలుకి ఆకుపచ్చ అంటింది. "తొలి వానకే రంగు దిగే సరుకు" అని పక్కన పెట్టేశాడు.

కెప్టెన్‌కి రోషం వచ్చింది. కట్టుకుని చేలోకి నడిచాడు. గట్టు పొడవునా సర్కారు తుమ్మ. గుడ్డకేమీ కాలేదు గానీ మోకాళ్లు గీరుకుపోయాయి. పెయింట్‌బాల్ మైదానంలో బంతి వేగం సెకనుకు 300 అడుగుల దగ్గర ఉంటుంది. బట్టలేని చోట తగిలితే గోలీకాయంత మచ్చ. కిల్టు ఎంత గట్టిదైనా మోకాలికి ప్యాడ్, పిక్కకి పొడుగు మేజోడు లేకపోతే దిగకూడదని ఆ తుమ్మే నేర్పింది.

అదే గట్టు మీద పెదనాయన గోచీ పోసి కట్టిన పంచెతో దూకి అవతలికెళ్లాడు. వయసు 68.

రొంటి, మొలతాడు, తువ్వాలు

సాయంత్రం కల్లం దగ్గర కూర్చుని లెక్కేస్తే తమాషాగా ఉంది. కిల్టుకి జేబుండదు కాబట్టి ముందు తోలు సంచి వేలాడదీస్తారు, దాని పేరు స్పోరన్. పెదనాయనకి ఆ పని రొంటి చేస్తుంది. డబ్బులు, వక్కాకు అన్నీ అందులోనే. వాళ్లకి బెల్టు, మనకి మొలతాడు. వాళ్లకి భుజాన ప్లెయిడ్, మనకి తువ్వాలు. పూర్వం కిల్టు అసలు కుట్టినదే కాదు. పొడుగాటి బట్టని నేల మీద పరిచి, కుచ్చిళ్లు మడిచి, నడుముకి బెల్టు బిగించుకునేవాళ్లు.

ఇదంతా చెబితే పెదనాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అయితే అదీ పంచేగదరా. వాళ్లు కుట్టించుకున్నారు, మేం పొద్దున్నే కట్టుకుంటాం."

ఇంకోటి కూడా చెప్పా. స్కాట్లాండ్ కొండవాళ్లు తిరుగుబాటు చేశారని, 1746లో బ్రిటిష్ ప్రభుత్వం మగవాళ్లు ఆ బట్ట కట్టకూడదని చట్టం తెచ్చింది. పట్టుబడితే జైలే. 1782లో గానీ ఆ చట్టం పోలేదు.

"ముప్పై ఆరేళ్లా!" అన్నాడు పెదనాయన. ఇంకేం అనలేదు. మిరపకాయలు తిరగేస్తున్నాడు.

నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది. నా డిగ్రీ పట్టా ఫంక్షన్‌కి ఆయన హైదరాబాద్ వస్తానన్నప్పుడు, "పెదనాయనా, ప్యాంటేసుకుని రా, అందరూ ఉంటారు" అన్నది నేనే. బావ ప్యాంటు అడిగి తెచ్చుకుని వేసుకొచ్చాడు. నడుం దగ్గర వదులు. నేను స్టేజీ ఎక్కినప్పుడు చప్పట్లు కొట్టడానికి కూడా ఒక చెయ్యే ఖాళీ ఉంది, రెండోది ప్యాంటు పట్టుకుని ఉంది. అప్పుడు నేను చూశా. చూడనట్టు ఉన్నా.

స్కాట్లాండ్‌లో మాన్పించడానికి చట్టం కావాల్సొచ్చింది. మా ఇంట్లో నా మాట ఒక్కటే సరిపోయింది.

చివరికి ఏం కొన్నాం?

మర్నాడు మార్కాపురంలో బట్టల కొట్టుకి పెదనాయనే తీసుకెళ్లాడు. ఆయన చెప్పినవి, మేం నేర్చుకున్నవి కలిపి ఇవీ:

కౌంట్ ఎక్కువుంటే దారం సన్నగా ఉన్నట్టు. మెత్తగా, పెళ్లికి బాగుంటుంది. ఆటకి తక్కువ కౌంట్ ముతక కాటనే మేలు. గోచీ పోయాలంటే 8 మూరలు ఉండాల్సిందే, 4 మూరలది ఇంట్లో లుంగీలా చుట్టుకోవడానికే. అంచు వెలుతురుకి పట్టి చూడండి, నేత వదులైతే అక్కడే తెలుస్తుంది. రంగు పంచె అయితే తడి తువ్వాలు పరీక్ష తప్పదు. పెయింట్‌బాల్ రంగు నీళ్లలో కరిగేదే, కాబట్టి తెల్లవైనా భయం లేదు. ఆరిపోకముందే చన్నీళ్లలో జాడిస్తే చాలు.

లోపల బిగుతు షార్ట్స్, పైన వెడల్పు బెల్టు. వేలాడే కొస ఏదీ ఉండకూడదు, పరుగులో కాలికి తట్టుకుంటుంది. మెడకి తువ్వాలు వద్దు, కొమ్మకి పట్టుకుంటుంది. కాళ్లకి చీలమండ దాటే బూట్లు. స్కాట్లాండ్ వాళ్లు మేజోట్లో దోపుకునే చిన్న కత్తి, కిల్టుకి పెట్టుకునే సూది పిన్ను మైదానంలోకి అసలు తేవద్దు. ముఖానికి మాస్కు, ఆట ముగిసేదాకా తియ్యొద్దు.

ఏడు పంచెలు కొన్నాం. శాంపిల్ కిల్టు కెప్టెన్‌కే ఇచ్చేశా, సరదాగా ఇంట్లో కట్టుకుంటాడు. గోచీ పొయ్యడం పెదనాయన మా ముగ్గురికీ అరుగు మీద నిలబెట్టి నేర్పాడు. నాకు నాలుగుసార్లు ఊడింది. ఐదోసారి ఆయనే వెనక్కి వచ్చి దోపి, నడుం మీద ఒక్కటి చరిచాడు. "ఇంక దూకు" అన్నాడు. అరుగు మీంచి దూకా. ఊడలేదు.

మ్యాచ్ చూడ్డానికి రమ్మని నిన్న ఫోన్ చేశా. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత అడిగాడు, "బావ ప్యాంటు తెమ్మంటావా?"

"వద్దు పెదనాయనా. పంచెతో రా. మాకు ఆ రోజు కట్టేవాళ్లు కావాలి."