అక్కగారి సంతకం

జాగా కొనడమంటే చీర కొన్నంత తేలికని మా వారి అభిప్రాయం. చీరకైనా అంచూ కొంగూ తిరగేసి చూస్తాం కదండీ అంటే వినిపించుకోరు.

శృంగవరపుకోటలో ఐదు సెంట్లు, అంటే 242 గజాలు, కొనుక్కుని చిన్న ఇల్లు కట్టుకోవాలని మాకు ఎన్నాళ్ళనుంచో కోరిక. లేవగానే కొండలు కనబడతాయి, అరకు వెళ్ళే రైలు కూత వినబడుతుంది, శివరాత్రికి పుణ్యగిరి వెళ్ళిరావచ్చు. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

తీరా వెతికితే రెండు దొరికాయి. ఒకటి ఊరి బయట కొత్త లేఔట్. రెండోది ఊళ్ళో ఒకాయన ముప్ఫై ఏళ్ళ క్రితం కొని వదిలేసిన జాగా. ఆయన పోయాక కొడుకులు అమ్ముతున్నారు.

కొత్తచోట రంగు జెండాలు, సున్నం కొట్టిన రాళ్ళు. "పార్కు ఎక్కడ బాబూ?" అంటే బ్రోకరు రంగుల కాగితంలో పచ్చటి చదరం మీద వేలు పెట్టి, "ఇక్కడేనమ్మగారూ, రేపో మాపో ఒచ్చేస్తాది" అన్నాడు. రోడ్డూ, కాలవా, కరెంటూ అన్నీ ఆ రేపో మాపోలోనే ఉన్నాయి. ఎనిమిది ప్లాట్లూ 500 చదరపు మీటర్లూ దాటిన లేఔట్‌ని అమ్మకానికి పెట్టకముందే రెరాలో రిజిస్టరు చేయించాలని 2016 చట్టం. మనమిచ్చే సొమ్ములో నూటికి 70 రూపాయలు విడి ఖాతాలో ఉంచి ఆ పనికే వాడాలి కూడా. ఆ నంబరు అడిగాను. "అదీ ఒచ్చేస్తాదమ్మా" అన్నాడు!

పాత జాగాలో నుయ్యి ఉంది, రెండు కొబ్బరిచెట్లున్నాయి, ప్రహరీ మీంచి పలకరించే పక్కింటావిడ ఉంది. వానాకాలం నీళ్ళు నిలుస్తాయా అని అడిగితే, "మోకాలిదాకా రావు గానీ చీలమండదాకా ఒస్తాయి" అని నిజం చెప్పేసింది. కొత్తచోట అడుగుదామంటే పక్కిల్లే లేదు.

రిజిస్ట్రారాఫీసులో ఈసీ తీయించాం. శుభ్రంగా ఉంది. బయానా ఇచ్చేద్దామన్నారు మా వారు. అయితే ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు కనబడతాయి గానీ, ఆ ఇంట్లో ఎంతమంది పుట్టారో కనబడదు కదా! అది చెప్పిందీ పక్కింటావిడే. "వాళ్ళకో అక్కగారుంది, గజపతినగరంలో."

కొడుకుల్ని అడిగాను. "అక్కకి పెళ్ళప్పుడే పసుపు కుంకాలకింద ఇచ్చేశాం. ఆవిడ అడగదు లెండి" అన్నారు.

జాగా తండ్రి స్వార్జితం. వీలునామా లేదు. తల్లీ లేదు. అలాంటప్పుడు కూతురికీ కొడుకుతో సమంగా వాటా ఉందని 1956లోనే హిందూ వారసత్వ చట్టం చెప్పింది. అడగకపోవడం వేరు, అక్కర్లేకపోవడం వేరు.

ఆ మాట నాకెక్కడో తగిలింది. మా నాన్నగారు పోయాక అన్నయ్య చూపించినచోట నేనూ సంతకం పెట్టాను. కాఫీ కలుపుతూ, తడిచెయ్యి చెంగుకి తుడుచుకుని, ఒక్క ముక్కయినా చదవకుండా. నవలల్లో నాయికల చేత హక్కుల గురించి పేజీలకి పేజీలు మాట్లాడించినదాన్ని!

అక్కగారి సంతకం లేనిదే బయానా లేదన్నాను. "ఈ గొడవకన్నా కొత్తదే నయం" అని మా వారు విసుక్కున్నారు. అమ్మేవాళ్ళు ముఖాలు ముడుచుకున్నా చివరికి ఒప్పుకున్నారు.

నెల్లాళ్ళకి రిజిస్ట్రారాఫీసు బెంచీ మీద ఆవిడ నా పక్కన కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని దస్తావేజు మొదటినుంచీ చదవసాగింది.

"బేగి కానీ అక్కా" అన్నాడు తమ్ముడు.

"ఉండరా. ఇన్నాళ్ళకి చదువుతున్నాను."

తన వాటా డబ్బు తన ఖాతాలో పడ్డాకే సంతకం చేసింది. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "నన్ను కూడా అడగాలని నీకెలా తోచిందమ్మా?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేసి, ఆనాడు నేను సంతకం పెట్టిన కాగితం నకలొకటి పంపమన్నాను.

"ఇప్పుడెందుకే?" అన్నాడు.

"చదువుకోడానికి" అన్నాను.