పెట్టెలో ఆగిపోయిన గొంతు

 

నాలుగు వారాలుగా ఏమీ రాయలేదేమని కొందరు ఫోను చేసి అడిగారు. మన ఫొటోల పెట్టె పాడైందని ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పాను. విన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అయితే ఆ రోజు నాలుగు ముక్కలే చెప్పాను. మిగతాది చెప్పడానికి సిగ్గేసింది. అది ఇవాళ రాస్తున్నాను.

ఆ పెట్టె ఎందుకు వచ్చిందో కొత్తవాళ్ళకు తెలియదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు ఎలా పడ్డాయో అందరూ చూశారు, పేపర్లలో కూడా వచ్చింది. పేపర్లలో రానిది ఒకటుంది. రేకులు లేచిపోయిన ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలు తడిసిపోయాయి. ఆ తర్వాత వారమంతా మన మందిరం ప్రహరీగోడ మీద పెళ్ళి ఆల్బములు ఆరేశారు. పేజీకి పేజీ అతుక్కుపోయింది, విడదీస్తే ముఖాలు ఊడొచ్చాయి. ఒక ముసలమ్మ తన కొడుకు ఫొటోని పమిటతో అద్దుతూ కూర్చుంది. ఆ కొడుకు లేడు, ఉన్నది ఆ ఒక్క ఫొటోయే.

మరుసటేడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మన ఊరి అబ్బాయి ఒకడు పండక్కి వస్తూ ఒక చిన్న పెట్టె తెచ్చి ఇచ్చాడు. రెండు ఇటుకలు పక్కపక్కన నిలబెట్టినంత ఉంటుంది. లోపల 2 టీబీ హార్డ్‌డిస్కులు రెండు. వైఫైకి కలిపితే ఇంట్లో ఏ ఫోనుకైనా, కంప్యూటరుకైనా అందుతుంది. నెట్‌వర్క్ స్టోరేజ్ అంటారట. మనం ఏది పెట్టినా రెండు డిస్కుల్లోనూ ఒకేసారి రాసుకుంటుంది. ఒకటి చెడినా రెండోదాంట్లో ఉంటుంది.

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, వేదిక మీంచి చెప్పాను. "మీ ఫొటోలు తెండి, మీ పట్టాదారు పాస్‌బుక్కులు తెండి, పిల్లల సర్టిఫికెట్లు తెండి. నా దగ్గర భద్రంగా ఉంటాయి" అన్నాను. మీరు తెచ్చారు. నాలుగేళ్ళు తెచ్చారు. సముద్రం మీదికి పోయే పిల్లలు ఫోన్లు నీళ్ళలో పడతాయని పెళ్ళి వీడియోలు తెచ్చి ఇచ్చారు. పెద్దవాళ్ళను వసారాలో కూర్చోబెట్టి వాళ్ళ సాక్ష్యం, వాళ్ళ చిన్ననాటి ముచ్చట్లు నా ఫోనులో రికార్డు చేసి అందులోనే పెట్టాను.

ఈ అక్టోబరులో ఒక రాత్రి కరెంటు మూడుసార్లు పోయి మూడుసార్లు వచ్చింది. పొద్దున్న చూస్తే పెట్టెకు ఎర్రదీపం. తీసి పెట్టినా, తీగ మార్చినా ఎర్రదీపమే.

నాకు మొదట గుర్తొచ్చింది జీడి బట్టీలో పనిచేసిన మన సహోదరుడు. మీకందరికీ తెలుసు, పేరు రాయను. కిడ్నీ జబ్బుతో సోంపేటకి డయాలసిస్‌కి వెళ్ళి వస్తూ ఉండేవాడు. జూన్‌లో ఒక సాయంత్రం, కొంచెం ఓపికగా ఉన్న రోజు, నేను ఫోను పెట్టి మాట్లాడించాను. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆగస్టులో వెళ్ళిపోయాడు. ఆ రికార్డింగు పెట్టెలోకి ఎక్కించాక, ఫోను నిండిపోయిందని ఫోనులోంచి తీసేశాను. తీసేసేటప్పుడు కొంచెం కూడా ఆలోచించలేదు. రెండు డిస్కులున్నాయి కదా అనుకున్నాను.

వాళ్ళావిడ మూడో రోజున వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. "అయ్యగోరూ, పెట్టి పాడయిపోనాదంట. ఆయన గొంతుందేటి?" అంది.

"సూద్దుం అక్కా" అన్నాను. ఇంకేమనగలను?

డిస్కులు రెండూ బయటికి తీసి, పక్క ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి తీసుకెళ్ళాను. అతను ఒకదాన్ని తన కంప్యూటరుకి తగిలించాడు. తెర మీద ఒక మాట వచ్చింది, ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని. "చేసేద్దుమా అయ్యగారూ?" అన్నాడు, ఎప్పుడూ చేసే పనే అన్నట్టు. నాకు ఆ మాటకి అర్థం సగమే తెలుసు. ఎందుకో "వద్దు బాబూ, ఆగు" అన్నాను. ప్రియులారా, అది తెలివి కాదు, భయం. ఆ భయమే కాపాడింది.

తర్వాత మా పెద్దాడు చెప్పాడు. వాడు విజయనగరంలో డిప్లొమా చదువుతున్నాడు. ఆ పెట్టె లోపల నడిచేది లినక్స్. డిస్కు మీద అది రాసుకునే పద్ధతి వేరు, విండోసుకు ఆ పద్ధతి చదవడం రాదు. ఒడియా అక్షరం రానివాడి చేతికి ఒడియా పుస్తకం ఇస్తే 'ఇందులో ఏమీ లేదు, తుడిచేసి మళ్ళీ రాద్దుం' అన్నట్టు. ఇచ్ఛాపురం వైపు వాళ్ళకు ఈ పోలిక బాగా అర్థమవుతుంది. డిస్కులో అన్నీ ఉన్నా, చూసేవాడికి ఖాళీగా కనపడుతుంది.

విశాఖపట్నంలో ఇలాంటివి తీసే ఒక చోటికి ఫోను చేస్తే వాళ్ళు చెప్పిన మొత్తం మన సంఘం మూడు నెలల కానుక. పెద్దలను అడగడానికి నోరు రాలేదు. దసరా సెలవలకి మా వాడు ఇంటికి వచ్చాడు. "నాన్నా, ముందు మన కంప్యూటర్లోనే చూద్దుం. కాని ఒక షరతు, వీటి మీద ఏమీ రాయకూడదు, చదవడమే" అన్నాడు.

పెన్‌డ్రైవులో ఉబుంటు ఎక్కించి, మన ఆఫీసుగదిలోని పాత కంప్యూటరుని దాంతో తెరిచాడు. దాని మూత విప్పి, లోపలి తీగకి ఒక డిస్కు తగిలించాడు. ప్రతి డిస్కు మీదా అది ఏ జతలోదో, చివరిసారి ఎప్పుడు రాసుకుందో చిన్న చీటీలాంటిది ఉంటుందట. రెండు చీటీలూ చదివించాడు. ఒకదాని మీద అక్టోబరు తారీఖు ఉంది. రెండోదాని మీద ఫిబ్రవరి.

వాడు ఏమీ అనలేదు. నేనే అడిగాను, ఫిబ్రవరి ఏమిటని.

ఫిబ్రవరిలోనే రెండో డిస్కు జతలోంచి పడిపోయింది. అప్పటినుంచి పెట్టె ఒంటి డిస్కు మీద నడుస్తోంది. మీరు తెచ్చినవన్నీ ఎనిమిది నెలలుగా ఒక్కచోటే పడుతున్నాయి. ఏప్రిల్లో ఒకరోజు మా ఇంటావిడ "దీని దీపం రంగు మారింది, చూశారా?" అంది. నీలంగా ఉండేది నారింజ రంగులోకి వచ్చింది. "ఫోను ఛార్జింగు దీపంలాగే, ఏం కాదు" అన్నాను. దుమ్ము పడుతోందని దాని మీద ఒక తుండుగుడ్డ కూడా కప్పాను. హెచ్చరికలు మెయిలుకి వెళ్ళేవట, ఆ అబ్బాయి పాత మెయిలుకి, వాడు దాన్ని తెరవడం మానేసి రెండేళ్ళయింది. వాడిదేం తప్పు, పెట్టె నా ఇంట్లో ఉంది.

నేను సిగ్గుపడిన సంగతి ఇదే. కరెంటు వల్ల పోయిందని మీతో అన్నాను. కరెంటు పెట్టెను ఆపింది, నిజమే. పెట్టె మాత్రం ఫిబ్రవరినుంచే చెబుతూ ఉంది.

ఫిబ్రవరి డిస్కు బాగానే తెరుచుకుంది. నాలుగేళ్ళలో మీరిచ్చినవి దాదాపు అన్నీ ఉన్నాయి. ఆ తర్వాతి ఎనిమిది నెలలవి అక్టోబరు డిస్కులోనే ఉన్నాయి, ఆ డిస్కు కొన్నిచోట్ల చదవనివ్వడం లేదు. టిక్కుటిక్కుమని ఆగిపోయేది. మా వాడు వెంటనే తీసేశాడు. అలా చెడుతున్న డిస్కులో ఫైళ్ళు వెతుక్కుంటూ తిరిగితే ఉన్నది కూడా పోతుందట. ముందు దాన్ని మొత్తంగా ఇంకో డిస్కులోకి ఎత్తాలి, వెతకడం ఆ నకలులోనే. పలాస వెళ్ళి 4 టీబీ డిస్కు కొన్నాను. డబ్బు ఎక్కడిదంటే, మా ఇంటావిడ తన కుట్టుమిషను డబ్బు ఇచ్చింది. అడగలేదు, బల్ల మీద పెట్టి వెళ్ళింది.

ఎత్తడానికి డీడీరెస్క్యూ అని ఒక ప్రోగ్రాము ఉంది, ఉచితమే. అది పనిచేసే తీరు చూస్తూ నేను రెండు రాత్రులు పడుకోలేదు. మొదటి సారి సులువుగా వచ్చేవన్నీ ఎత్తేస్తుంది. మొండికేసిన చోట ఆగదు, దాటి ముందుకు పోతుంది. అంతా అయ్యాక వెనక్కి వచ్చి, ఆ మొండి చోట్లను కొంచెం కొంచెంగా, అటువైపునుంచీ ఇటువైపునుంచీ చదివి చూస్తుంది. తప్పిపోయిన గొర్రె ఉపమానాన్ని నేను ముప్పై సార్లయినా బోధించి ఉంటాను. ఆ కాపరి తొంభైతొమ్మిదింటిని వదిలి ఒక్కదానికోసం వెళ్ళాడు. ఇది తొంభైతొమ్మిదింటినీ ఇంటికి తోలి, ఆ తర్వాత ఒక్కదానికోసం బయల్దేరుతుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కు విషయంలో ఇదే సరి అని మా వాడి వాదన. గొర్రెల విషయంలో నేను ఒప్పుకోలేదు. అర్ధరాత్రి తండ్రీకొడుకులం దాని మీద వాదించుకున్నాం.

బాగున్న 2 టీబీ డిస్కు అయితే ఐదారు గంటల్లో అయిపోయే పని. మనకు నాలుగు రోజులు పట్టింది. మధ్యలో కరెంటు పోయేది, ఇన్వర్టరు మీద కాసేపు నడిచి అదీ ఆగేది. నాకు ప్రాణం పోయినట్టుండేది. మా వాడు నిమ్మళంగానే ఉన్నాడు. ఎక్కడిదాకా వచ్చిందో, ఏ చోటు అందలేదో అది పక్కన ఒక చిన్న ఫైలులో రాసుకుంటుంది, దాన్ని పెన్‌డ్రైవులో పెట్టాడు. కరెంటు రాగానే మొదటికి పోకుండా ఆగినచోటే అందుకునేది.

ఒక పాత సంగతి ఆ రాత్రుల్లో గుర్తొచ్చింది. 1812 మార్చి 11న సెరాంపూర్ అచ్చాఫీసు కాలిపోయింది. విలియం కేరీ ఏళ్ళ తరబడి రాసుకున్న బహుభాషా నిఘంటువు, తెలుగు వ్యాకరణం రాతప్రతులు అందులో పోయాయి. వ్యాకరణం మళ్ళీ మొదటినుంచి రాశాడు, 1814లో అచ్చయింది. బైబిలు కాలేజీలో ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ఓర్పుని మెచ్చుకున్నాం. ఇంకో ప్రతి ఎందుకు రాసి పెట్టుకోలేదని మాలో ఒక్కడూ అడగలేదు. అయినా చేత్తో అంత రాసినవాణ్ణి ఇంకోసారి రాయమనడం న్యాయం కాదు. నేను చెయ్యవలసిందల్లా ఒక డిస్కుకొని తగిలించడం.

ఐదో రోజు పొద్దున్నకి నూటికి 99.98 వచ్చింది. నాలుగు వందల ఎంబీ దాకా రాలేదు. తక్కువే కదా అనిపిస్తుంది, అందులో ఎవరిది ఉందో తెలిసేదాకా. అది తెలుసుకోవడానికి మా వాడు ఒక ఉపాయం చేశాడు. నకలులో రాని చోట్లన్నీ ఒక గుర్తుమాటతో నింపి, ఆ మాట ఏయే ఫైళ్ళలో కనపడుతుందో వెతికించాడు. 63 ఫైళ్ళ జాబితా వచ్చింది. నేను వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళాను. నలభై ఏడోది ఆ జూన్ రికార్డింగు.

పెట్టి విన్నాం. ఎంపీ3 కాబట్టి మధ్యలో ఒక చోట చిరిగినా మిగతాది పలుకుతుందని మా వాడు ముందే చెప్పాడు. పలికింది. పదకొండో నిమిషంలో నాలుగు సెకన్లు గుర్రుమని ఏదో చప్పుడు, తర్వాత మళ్ళీ ఆయనే.

ఆ సాయంత్రం వాళ్ళావిడని పిలిపించాను. కూతుర్ని తీసుకుని వచ్చింది. మధ్యలో కొంచెం పోయిందని ముందే చెప్పాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. తిత్లీ రాత్రి మందిరంలో నలభై మందితో ఎలా గడిపామో చెబుతున్నాడు. బట్టీలో జీడిపిక్కల పొగ గురించి చెప్పాడు, ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో చెప్పాడు. బాకీ దగ్గర ఆ చప్పుడు వచ్చింది.

"ఎంతన్నాడు?" అంది కూతురు.

"పన్నెండు వేలు. తీర్చీసినాను" అంది ఆమె. మళ్ళీ వింటూ కూర్చుంది.

వెళ్ళేటప్పుడు కూతురి ఫోనులోకి, వేరావళ్ళో ఉన్న కొడుకు ఫోనులోకి పంపించమంది. పంపాను. అది ఇప్పుడు నా దగ్గర మూడు చోట్ల, వాళ్ళ దగ్గర రెండు చోట్ల ఉంది. పెట్టెకు కొత్తది కొనలేదు. నకలు డిస్కు ఒకటి నా బీరువాలో, ఇంకొకటి విజయనగరంలో మా బావమరిది ఇంట్లో ఉంటాయి. రెండూ ఒకే కరెంటు తీగ మీద, ఒకే కప్పు కింద ఉండకూడదు, నాకు ఇన్నాళ్ళూ తెలియంది అదే. ప్రతి నెలా మొదటి సోమవారం వాటిని తెరిచి చూస్తాను. చూశానో లేదో మీరు అడగండి. మందిరం నోటీసుబోర్డు మీద తారీఖు రాసి పెడతాను. ఎవరి ఇంటివి వాళ్ళకు కూడా ఇచ్చేస్తాను, పెన్‌డ్రైవులు పట్టుకుని రండి.

మిగిలిన 62 ఫైళ్ళలో కొన్నింటికి ఏమీ కాలేదు, చూడ్డానికి తేడా తెలియదు. కొన్ని అసలు తెరుచుకోవు. మే నెలలో జరిగిన ఒక పెళ్ళి ఫొటోలు పంతొమ్మిది సగందాకా వచ్చాయి, పెళ్ళికూతురి ముఖం ఉంది, కింద అంతా బూడిదరంగు. ఫొటోగ్రాఫరు తన దగ్గరివి చెరిపేశానన్నాడు. ఎవరెవరివి పోయాయో వాళ్ళ ఇళ్ళకు నేనే వెళ్ళి చెబుతున్నాను, దీపం సంగతితో సహా. తొమ్మిది ఇళ్ళు అయ్యాయి. ఒక ఇంట్లో మంచినీళ్ళు ఇచ్చి ఏమీ మాట్లాడలేదు. ఆ పెళ్ళివారి ఇంటికి మాత్రం ఇంకా వెళ్ళలేదు, రేపు శనివారం వెళ్తాను.