గిటార్ మోతలో మా గుమేల యాదికొచ్చింది



మొన్న శనివారం హాస్టల్ నుంచి నలుగురం హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ ప్రోగ్రాంకి పోయినం. టికెట్ 350, మా చేతి ఖర్చులన్నీ అయిపోయినయ్. చిన్న హాలు, కుర్చీల్లేవు. డ్రమ్స్ మోత గుండెల్లో దిగింది. పాటలు తెలుగులో, పల్లె మాటల్లో. సిటీ పిల్లలు వాటిని గొంతెత్తి పాడుతుంటే మాకు సిగ్గేసింది. ఫస్టియర్‌లో రూమ్మేట్లు "మీ ఊరి పాట పాడు" అంటే రాదని అబద్ధం చెప్పినోళ్లం మేం.

దండారిలో గుస్సాడీ ఆడిన కాళ్లు ఇవి. ఆ ఆటకే మార్లవాయి కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ ప్రకటించిన్రు.

తిరిగొచ్చేటప్పుడు బస్టాపులో మెల్లగా గోండి పాట అందుకున్నం. ఎవరూ నవ్వలేదు.

ఈ దీపావళికి ఊరికి పోయి గుమేల, పెప్రె వాయించే పెద్దల పాటలు ఫోన్లో రికార్డు చేస్తం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరూ చేయండి.