కోడెల మెడపై కాడి

బంతియాటతో మనకేమి పని యని మీరు నవ్వుదురేమో. మేమును మొదట అట్లే నవ్వితిమి. పాలమూరులోని మా చెల్లెలి కుమారుడు చదువునకై నల్లగొండలో మాయింట నుండుటచే, సాయంకాలమున మేము చూచు కథలకు సెలవై, టెలివిజనులో కాలిబంతి యాట వచ్చి కూర్చున్నది. కొన్నాళ్లు విసుగుకొంటిమి; పిదప ఆటగాండ్ర పేర్లు మాకును నోటికి వచ్చెను.

హైదరాబాదునకు ఈ యాట క్రొత్తది గాదు. రహీం గారి శిక్షణలో అచటి పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా రోవర్సు కప్పు గెలిచినది. 2019లో పుట్టిన హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు మాత్రము మొదటి యేట ఇండియన్ సూపర్ లీగులో 18 ఆటలాడి, రెండే గెలిచి, పది జట్లలో కడపటిదయ్యెను. పిమ్మట స్పెయిన్ దేశస్థుడగు మనోలో మార్కెజ్ శిక్షకుడై వచ్చి ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి పిన్నవారిని నమ్ముకొనెను. మిశ్రాకు అప్పటికి ఇరువది యేండ్లైనను నిండలేదు. ఆ యేడు జట్టు ఐదవ స్థానమునకు వచ్చెను. మరుసటి యేడు, 2022 మార్చి 20న, గోవాలో కేరళ బ్లాస్టర్సుతో తుదియాట. చెరియొక గోలుతో సరిసమానమై పెనాల్టీలకు పోగా, మన కట్టిమణి మూడింటిని ఆపివేసెను. మావాడు పెట్టిన కేకకు ప్రక్కింటి పెద్దామె, ఎవరికేమైనదో యని పరుగెత్తి వచ్చినది!

మా మామగారు దేవరకొండ వైపు సేద్యము చేసినవారు. క్రొత్త కోడెను నాగలికి కట్టునపుడు పని తెలిసిన ముదురు ఎద్దును జత చేయుదురు. కోడె తడబడినను సాలు చెడదు. ఆ జట్టులో నైజీరియా దేశస్థుడగు ఒగ్బెచె 37 ఏండ్ల వయసున ఆ యేడు 18 గోల్సు చేసెను. పిల్లలు రాణించుటకు ఇదియు నొక కారణమని మా యభిప్రాయము.

2023-24లో కథ తిరుగబడినది. ధనపు చిక్కులు వచ్చి, జీతములందక ఆటగాండ్రు ఒక్కొక్కరే వెడలిపోయిరి. క్రొత్తవారిని చేర్చుకొనుటకు నిషేధము. విదేశీయులలో జోవో విక్టర్ ఒక్కడు మిగిలెను. తక్కిన పిల్లలనే సింగ్టో గారు బరిలోనికి దింపిరి. 22 ఆటలలో 16 ఓటములు, ఒక్క గెలుపు. ఆ గెలుపు చెన్నై జట్టుపై 2024 మార్చి 9న వచ్చినది. పిన్నలకు దొరికిన అవకాశమే యనవచ్చును. కాని కోడెలనే జతకట్టి, గడ్డియైనను వేయక దున్నించుటను అవకాశమనుటకు మాకు నోరు రాలేదు.

ఆ వేసవిలోనే మావాడు ఇంటర్మీడియెటు చదువు మాని, నగరములో నొక జట్టు ఎంపికకు పోయెదనని సంచి సర్దుకొనెను. చెల్లెలు ఫోనులో ఒకటే యేడ్పు. దాని మామగారు కట్టపనులకు దూరదేశములు పోయి, కూలి చేతికి రాక ఉత్తచేతులతో తిరిగివచ్చినవారు. పాలమూరు ఇండ్లలో ఈ మాట ఎవరికిని విప్పి చెప్పనక్కరలేదు.

“జీతమెంత? తిండి యెవరు పెట్టుదురు?” అని మేమడిగితిమి. వాడు తలవంచుకొని, “పెద్దమ్మా, ఆ పిలగాండ్లు గెలువకున్నా ప్రతి ఆటకు వచ్చి ఆడిన్రు గద!” అనెను. ఆ మాటకు మేమేమియు బదులు చెప్పలేకపోతిమి. పరీక్షలైన పిదప పొమ్మంటిమి. బూట్లకు పైకము మేమే యిచ్చితిమి. మా వారికి ఇది నచ్చలేదు. రెండు దినములు మాటాడలేదు.

వాడు పరీక్షలు వ్రాసి పోయెను. తీసికొనలేదు. మరల పోవుదునని యున్నాడు. ఆ క్లబ్బు 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. వాని పసుపు చొక్కా మాత్రము మా దండెము మీదనే యారుచున్నది. మొన్న దాని రంగు దిగి, మా తెల్ల నేత చీరె అంచు పసుపైనది. ఉతికి చూచితిమి, పోలేదు.