నాలుగు అక్షరాల్లో ఒక ఊరు

హైదరాబాదు హైటెక్ సిటీలో 2018 ఆగస్టు 9న ఐకియా స్టోరు తెరిచారు. మన దేశంలో వాళ్ళకి అదే మొదటిది. నీలం గోడ మీద పసుపూ నీలం కలిసిన లోగో, అందులో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మాలో చాలామందిమి చూశాం.

ఆ నాలుగు అక్షరాలకీ నిఘంటువులో అర్థం దొరకదు. ఐ అంటే ఇంగ్వార్, కే అంటే కాంప్రాడ్. ఈ రెండూ కంపెనీ పెట్టినాయన పేరు. ఈ అంటే ఎల్మ్‌టారిడ్, ఆయన పెరిగిన పొలం. ఏ అంటే అగున్నారిడ్, ఆ పొలం ఉన్న స్వీడన్ పల్లె. 1943లో కంపెనీ మొదలుపెట్టేనాటికి ఆయనకి 17 ఏళ్ళు. బాగా చదువుతున్నందుకు నాన్న ఇచ్చిన డబ్బే పెట్టుబడి. (ఈ వాక్యం మా నాన్నలు తప్పక చదవాలి!) మొదట్లో అమ్మింది పెన్నులూ, పర్సులూ, ఫొటో ఫ్రేములూ. మంచాలూ బల్లలూ తర్వాత వచ్చాయి.

పేరులో ఊరు ఉండటం తెలుగువాళ్ళకి కొత్త కాదు. మన ఇంటిపేర్లలో చాలా వరకు ఊళ్ళ పేర్లే. కాంప్రాడ్ ఊరిని చివర పెట్టాడు, మనం ముందు పెడతాం. తెలుగు నేల దాటి వచ్చాక దీనితో పెద్ద తమాషా. ఇక్కడ హాజరు పిలిచేటప్పుడు "బెజవాడ", "కొండపల్లి" అని పిలుస్తారు. ఊరికి ఊరే లేచి "ఎస్ మేడమ్" అంటుంది.

లోగోకి నీలం, పసుపు 1983లో వచ్చాయి. అవి స్వీడన్ జెండా రంగులు. విచిత్రమేమిటంటే అప్పుడు కాంప్రాడ్ స్వీడన్‌లో లేడు. పన్నులు ఎక్కువని 1973లోనే దేశం వదిలి డెన్మార్క్‌కీ, తర్వాత స్విట్జర్లాండ్‌కీ వెళ్ళాడు. తిరిగి వచ్చింది 2014లో. పన్ను కట్టడానికి పనికిరాని దేశం జెండా రంగులకి పనికొచ్చిందా అని మాలో కొందరం అన్నాం. దూరంగా ఉన్నవాళ్ళకే ఊరి పేరు గోడ మీద చూసుకోవాలనిపిస్తుందని మిగిలినవాళ్ళం అన్నాం. వాదన తేలలేదు. మా నాన్నలవి బదిలీల ఉద్యోగాలు కాబట్టి రెండోవైపే కొంచెం ఎక్కువమందిమి ఉన్నాం.

తర్వాత ఎవరి లోగో వాళ్ళం గీసుకున్నాం. మొదటి రెండు అక్షరాలు ఇట్టే వచ్చాయి, అవి మా పేర్లు కదా! పొలం, ఊరు దగ్గరికొచ్చేసరికి పెన్సిళ్ళు ఆగాయి. ఒకరు పొలం బదులు క్వార్టర్ నంబరు వేశారు. ఒకరు సంక్రాంతికి మాత్రమే చూసే అమ్మమ్మగారి ఊరు రాశారు. ఇద్దరు ఇంటికి ఫోన్ చేసి తాతగారిని అడిగారు. ఒకరు నాలుగో అక్షరం ఖాళీగా వదిలేశారు. వాళ్ళ నాన్నగారికి ఏప్రిల్‌లో మళ్ళీ ట్రాన్స్‌ఫర్ ఉందట.