తరువాయి భాగం

మా అమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా నాకు ఒక నిబంధన విధిస్తుంది. తాను చూస్తున్న సీరియల్‌లో ముందు ఏమి జరుగనున్నదో నేను పొరపాటున కూడా నోరు జారరాదు. అలా ముందే చెప్పివేయడాన్ని ఈనాటి పిల్లలు 'స్పాయిలర్' అంటారు. 2011 నుండి 2019 వరకు వచ్చిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే ఇంగ్లీషు సీరియల్ గురించి ఆమె ఒకనాడు చెప్పింది. మూల నవలలు చదివినవారు చదవనివారిని చాలాకాలం ఊరించారట. 2016 నాటికి సీరియల్ ఆ నవలలను దాటి ముందుకు సాగిపోవడంతో అందరూ సమానులైపోయారట.

"ఇవన్నీ మీ కాలంలో ఎక్కడివి నాన్నా!" అన్నది.

నేను నవ్వి ఊరుకున్నాను. ఈ వేడుకను నేను 1994లోనే, సూరత్ నగరంలో, రింగ్ రోడ్ మీద చూశాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. హజీరాలో ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండలేదు. ఆదివారం సెలవు దొరికితే బస్సెక్కి, తాపీ నది దాటి, ఊళ్లోకి వచ్చేవాణ్ణి. వారమంతా తోపుడు బండ్లతో, చీరల మూటలతో కిక్కిరిసి ఉండే రింగ్ రోడ్ ఆ ఒక్కరోజు కొంత తెరిపిగా ఉండేది. బట్టల మార్కెట్ల పక్క సందులో ఒక చాయ్ దుకాణం, అందులో ఒక చిన్న టీవీ ఉండేవి. మరమగ్గాల పనికి కరీంనగర్, వరంగల్ జిల్లాల నుండి వచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో కాపురముంటున్న మనవాళ్లు కొందరు అక్కడ చేరేవారు. తెలుగు మాట చెవిన పడుతుందన్న ఆశ నన్ను అక్కడికి నడిపించేది. టీవీలో వచ్చే 'చంద్రకాంత' మమ్మల్నందరినీ కూర్చోబెట్టేది.

ఆ సీరియల్ దూరదర్శన్‌లో 1994 నుండి 1996 వరకు వచ్చింది. దేవకీనందన్ ఖత్రీ 1888లో వెలువరించిన హిందీ నవల దానికి ఆధారం. విజయగఢ్ రాకుమారి చంద్రకాంత, నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింహుడు, వారి మధ్య నిలిచిన క్రూరసింహుడు, క్షణంలో వేషం మార్చే ఐయారులు, అడుగుపెట్టినవాడు తిరిగిరాలేని తిలిస్మ్ అనే మాయా కట్టడం అందులో ఉంటాయి. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'మకరదేవత' ధారావాహికలను ఎరిగిన తెలుగువాడికి ఇది కొత్త లోకం కాదు. భాగం ముగియగానే వాదన మొదలయ్యేది. క్రూరసింహుడి తరువాతి ఎత్తు ఏమిటి? ఆ ముసలివాడు నిజంగా ముసలివాడా, వేషంలో ఉన్న ఐయారుడా? బాలనాగమ్మ కథలో మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉన్నట్లు, వీరి ప్రాణాలు ఎక్కడ దాగి ఉన్నవి?

మాలో నవల చదివినవాడు ఒక్కడే. ఒక బట్టల కొట్టులో గుమాస్తా. యాభై దాటిన మనిషి. హిందీ పరీక్షలకు చదివిన రోజులలో ఖత్రీ నవలను ఆసాంతం చదివాడట. అందరూ ఆయనను "సారు" అనేవారు. ముందు కథ ఆయన దగ్గరే ఉన్నది గనుక ఆయనకు ఎదురుగా రెండు పక్షాలు ఏర్పడ్డాయి. "చెప్పు సారూ" అనేవారు కొందరు, "చెప్పినవంటే మేం లేచిపోతం" అనేవారు కొందరు. నేను రెండవ పక్షంవాణ్ణి. ఆయన ఇద్దరినీ నొప్పించక, ఒక్కొక్క వారం ఒక్కొక్క ముక్క చెప్పేవాడు. నవలలో తిలిస్మ్ తలుపులు తెరుచుకునేది మంత్రాలతో కాదనీ, దాగి ఉన్న యంత్రాలతోననీ ఆయన చెప్పిన రోజున నాలోని ఇంజనీరు పరమానందభరితుడయ్యాడు.

సిరిసిల్ల వైపు కుర్రవాడొకడు మాత్రం ప్రతి వారం ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఆఖరికి వాళ్ల పెండ్లయితదా, కాదా? అదొక్కటి చెప్పు సారూ."

"అయితది తమ్మీ. నిమ్మళంగ చూడు."

ఆ జవాబు వినకుండా వాడు టీవీ వైపు తిరిగేవాడు కాదు. వాడి భార్య నిండు చూలాలై ఊళ్లో ఉన్నదని నాకు తరువాత తెలిసింది.

కొన్ని వారాలకు సారుకు చిక్కు వచ్చింది. సీరియల్ నవలను విడిచి తన దారి తాను పట్టింది. ఆయన చెప్పినది జరుగడం లేదు. చెప్పనివి జరుగుతున్నాయి. "సారు పుస్తకం వేరే ఉన్నట్టున్నది" అని కుర్రవాళ్లు నవ్వితే ఆయన చిన్నబుచ్చుకొని చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాడు.

ఆ సెప్టెంబరులో మొదట తాపీ నదికి వరద వచ్చింది. నీరు తీసిన తరువాత, మూడవ వారంలో, నగరంలో ప్లేగు అన్న మాట వినిపించింది. రెండు మూడు రోజులలోనే లక్షలాది జనం సూరత్ విడిచిపోయారు. మందుల దుకాణాలలో టెట్రాసైక్లిన్ నిండుకున్నది. దేశమంతటా అధికారికంగా లెక్కకు వచ్చిన మరణాలు అరవైకి లోపే. కాని ఆ లెక్క తేలినది తరువాత. ఆనాడు ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ కుర్రవాడు మూట కట్టుకొని స్టేషన్‌కు పోతూ సారు గది ముందు ఆగి అడిగాడట.

"ఏమైతది సారూ?"

"ఇది నేను చదివిన పుస్తకం కాదు తమ్మీ" అన్నాడట సారు. "నీకు దగ్గు గిట్ల ఉంటే పోకు. పోతే కడుపుతోనున్న పిల్ల దగ్గరికి దాన్ని తీస్కపోయినోడివైతవు. ఇక్కడనే ఉండు, నేనుంట."

వాడికి దగ్గు ఉన్నది. ఆగిపోయాడు. ఆసుపత్రిలో చూపించుకొని, మాత్రలు మింగుతూ, సారు గదిలోనే పది రోజులు ఉన్నాడు. అది మామూలు దగ్గేనని తేలిన తరువాతనే రైలెక్కాడు.

మరి నేను? ప్లాంటు ఆగరాదు గనుక డ్యూటీలో ఉన్నానని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు. కాని పూర్తి నిజమూ కాదు. జబ్బు అదుపులోకి వచ్చిన తరువాత కూడా అయిదు ఆదివారాలు నేను నది దాటలేదు. కారణం భయం. ఆ ముసలాయన ఎలా ఉన్నాడో కనుక్కోవడానికి ఒక్క ఫోను కూడా చేయలేదు. ఈ మాట ఇన్నేళ్లలో ఇప్పుడే రాస్తున్నాను.

దీపావళి తరువాత వెళ్లాను. మనవాళ్లు ఒక్కరొక్కరే తిరిగి వస్తున్నారు. ఆ కుర్రవాడూ వచ్చాడు. ఆడపిల్ల పుట్టిందని అందరికీ చాయ్ ఇప్పించాడు. ఒక వింత గమనించాను. ఇప్పుడు ఎవరూ ముందు కథ అడుగడం లేదు. తాము లేని వారాలలో ఏమి జరిగిందో చెప్పమంటున్నారు. ఊరు ఖాళీ అయినా ఏ ఆదివారమూ టీవీ ముందు నుండి లేవని సారు, జరిగిన కథను పూసగుచ్చినట్లు చెబుతున్నాడు. ఆయనను పరిహసించినవాళ్లే నోరు మెదపక వింటున్నారు. నన్ను చూసి, ఎక్కడికి పోయావని అడుగక, పక్కకు జరిగి చోటిచ్చాడు.

మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు గారు మునిసిపల్ కమిషనరుగా వచ్చి ఆ నగరాన్ని శుభ్రపరిచిన తీరు దేశమంతా చెప్పుకున్నది. నాకు బదిలీ అయింది. సారును మళ్లీ చూడలేదు.

ముందు కథ తెలుసుకోవాలన్న ఆరాటాన్ని చపలత్వమని ఆ రోజులలో నేను అనుకునేవాణ్ణి. ఆ కుర్రవాడు అడిగినది కథ కాదనీ, ధైర్యమనీ తరువాత గ్రహించాను. ముందు సంగతి చెప్పగలవాడు ఉంటే మేలే. చెప్పలేనప్పుడు కూడా "నేనుంట" అనగలవాడు ఉండడం అంతకన్న మేలు.

ఈ సంగతి మా అమ్మాయికి చెప్పాను. కొంతసేపు మౌనంగా ఉండి, "మరి ఆఖరికి వాళ్ల పెళ్లయిందా?" అని అడిగింది.

నవలలో అయిందని మాత్రం చెప్పాను.